బాకీ అడిగే మెయిల్‌లో ‘గారు’ ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే చిన్న ఆఫీసులో చేరి ఏడాదైంది. మలేషియా బయ్యర్‌కు ఒక కంటైనర్ తేజ రకం మిర్చి పంపారు. బీఎల్ (సరుకు ఓడ ఎక్కినట్టు ఇచ్చే రసీదు) తేదీ నుంచి 30 రోజుల్లో రావాల్సిన బ్యాలెన్స్ 21,600 డాలర్లు. జులై 24న గడువు దాటింది, ఇవాళ్టికి 19 రోజులు. మూడు మెయిల్స్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. ఓనర్ “గట్టిగా రాయి” అంటున్నారు. గట్టిగా రాస్తే పార్టీ చెడుతుందేమోనని మీ టెన్షన్. మెయిలా, వాట్సాపా, ఫోనా అన్నది రెండో సందేహం.

నా సంగతి ఒక్క ముక్క. 1997 నుంచి ఎగుమతి ఆఫీసుల్లో ఉత్తరాలు రాయడం, డాక్యుమెంట్లు చేయడం నా పని. ఫ్యాక్స్ రోజుల్లో చేరాను. రెండో పేజీ పంపితే ఐఎస్‌డీ బిల్లు చూసి ఓనర్ మొహం ఎలా మారేదో ఇప్పటికీ గుర్తుంది. పొట్టిగా రాయడం నాకు అలా అలవాటైంది, ఏ క్లాసులోనూ కాదు.

మీ మూడో మెయిల్ ఇది కదా: “రెస్పెక్టెడ్ సర్, గ్రీటింగ్స్ ఆఫ్ ద డే. హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ ఇన్ ద బెస్ట్ ఆఫ్ హెల్త్. విత్ రిఫరెన్స్ టు ద అబోవ్ సబ్జెక్ట్, పేమెంట్ ఈజ్ పెండింగ్ ఫ్రమ్ యువర్ సైడ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియెస్ట్.” సబ్జెక్ట్ లైన్‌లో ‘రిమైండర్ 3’ అని ఉంది.

దీన్ని మలేషియాలో, క్లాంగ్‌లోని వాళ్ల ఆఫీసులో చదివేది ఓనర్ కాకపోవచ్చు. అకౌంట్స్ చూసే అమ్మాయి అనుకోండి. ఏ ఇన్‌వాయిస్? ఎంత? ఎప్పటిది? ఒక్కటీ ఇందులో లేదు. ‘అబోవ్ సబ్జెక్ట్’ చూద్దామంటే అక్కడ ‘రిమైండర్ 3’ ఉంది. తెలుసుకోవాలంటే ఆమె పాత మెయిల్స్ తవ్వాలి, లేదా మిమ్మల్ని అడగాలి. రోజుకు యాభై అరవై మెయిల్స్ చూసే మనిషి ఆ రెండూ చేయదు, పక్కన పెట్టేస్తుంది. అందులో కోపం లేదు, మోసం అంతకన్నా లేదు. పని ఎక్కువ, అంతే.

ఇక మర్యాద సంగతి. మన ఇబ్బంది ఎక్కడుందంటే, తెలుగులో మర్యాద మాటలోనే కలిసిపోయి ఉంటుంది. “డబ్బు పంపండి” అంటే అందులో ‘అండి’ ఉంది, వెనకాల మీరు అనే గౌరవం ఉంది. పేరు పక్కన ‘గారు’ సరేసరి. ఇంగ్లిష్‌లో నువ్వుకీ మీరుకీ ఒకటే ‘యూ’. దాంతో రాసేటప్పుడు మనకు ఏదో వెలితిగా ఉంటుంది, మొహం మీద కొట్టినట్టు మాట్లాడుతున్నామేమో అనిపిస్తుంది. ఆ వెలితి పూడ్చడానికి ‘రెస్పెక్టెడ్’, ‘కైండ్లీ’, ‘సర్’ తెచ్చి అతికిస్తాం. అతికించాక కింద మాత్రం “పేమెంట్ ఈజ్ పెండింగ్ ఫ్రమ్ యువర్ సైడ్” అని నిలదీస్తాం. పైన దండం, కింద దెబ్బ.

ఇంగ్లిష్‌వాళ్లు గౌరవం పెట్టే చోటు వేరు. మొదటిది, ఆజ్ఞను ప్రశ్నగా మార్చడం. “ప్లీజ్ సెండ్” అన్నా అది ఆజ్ఞే. ‘ప్లీజ్’ చేర్చినంత మాత్రాన మన ‘పంపండి’ అయిపోదు, ‘కాస్త పంపు’ దగ్గర ఆగుతుంది. “కుడ్ యూ సెండ్” అంటే ‘పంపగలరా’ అన్నట్టు. రెండోది, అవతలివాడు పరువు పోకుండా తప్పుకోవడానికి ఒక దారి ఉంచడం. మూడోది మనవాళ్లకు అసలు మర్యాదగానే కనిపించదు: చదివేవాడికి పని తగ్గించడం. కావలసిన నంబర్లన్నీ ఒక్కచోట ఇస్తే, ఇంగ్లిష్‌లో అదే సగం ‘గారు’.

‘కైండ్లీ’ గురించి ఒక మాట. మనం వినయంగానే రాస్తాం. ఇంగ్లండ్, అమెరికాల్లో చాలామందికి అది హెడ్‌మాస్టర్ మందలింపులా వినిపిస్తుంది. ‘డూ ద నీడ్‌ఫుల్’ ఒకప్పుడు బ్రిటిష్ వ్యాపారులే రాసిన మాట. అక్కడ వాడుక పోయింది, మన ఆఫీసు ఫైళ్లలో నిలిచిపోయింది. మన బ్యాంకుకో, పోర్టులో క్లియరింగ్ ఏజెంటుకో రాస్తే ఏ ఇబ్బందీ లేదు, అందరికీ తెలిసిన మాటే. బయటి దేశానికి రాసేటప్పుడు ‘నీడ్‌ఫుల్’ అంటే ఏమిటో చెప్పేయండి. ‘ఐ హావ్ ఎ డౌట్’ కూడా అంతే. మనకది సందేహం, వాళ్లకది అనుమానం. సరుకు గురించి బయ్యర్‌కు అలా రాశారంటే, అతన్ని నమ్మడం లేదన్నట్టు వినిపిస్తుంది.

నేనైతే ఇలా రాస్తాను. సబ్జెక్ట్ లైన్: “ఇన్‌వాయిస్ 117, బ్యాలెన్స్ 21,600 డాలర్స్, డ్యూ 24 జులై”. నంబరు నేను ఊరికే వేశాను, మీది వేసుకోండి. లోపల:

“డియర్ మిస్టర్ టాన్, ద బ్యాలెన్స్ ఆఫ్ 21,600 డాలర్స్ ఆన్ ఇన్‌వాయిస్ 117, డ్యూ ఆన్ 24 జులై, హాజ్ నాట్ యెట్ రీచ్‌డ్ అవర్ బ్యాంక్. కుడ్ యూ టెల్ మీ బై ఫ్రైడే, 16 ఆగస్ట్, ఆన్ వాట్ డేట్ ఇట్ విల్ బి సెంట్? ఇఫ్ ఇట్ హాజ్ ఆల్రెడీ గాన్, ప్లీజ్ సెండ్ ద స్విఫ్ట్ కాపీ అండ్ వి విల్ ట్రేస్ ఇట్ హియర్. ఇఫ్ దేర్ ఈజ్ ఎ ప్రాబ్లమ్ విత్ ద గూడ్స్ ఆర్ ద పేపర్స్, టెల్ మీ అండ్ ఐ విల్ లుక్ ఇన్‌టు ఇట్ ద సేమ్ డే.” కింద బెస్ట్ రిగార్డ్స్, మీ పేరు, ఫోన్ నంబరు. ఇన్‌వాయిస్ మళ్లీ జత చేయండి, వెతుక్కోమనకండి. స్విఫ్ట్ కాపీ అంటే డబ్బు పంపినట్టు వాళ్ల బ్యాంకు ఇచ్చే కాగితం.

మొదటి వాక్యంలో కర్త ఎవరో చూడండి. డబ్బు, మిస్టర్ టాన్ కాదు. మన మిర్చి యార్డులో కూడా పాత కమీషన్ వ్యాపారులు “నువ్వు కట్టలేదు” అనరు, “ఆ డబ్బు మాకింకా ముట్టలేదు” అంటారు. అదే పద్ధతి ఇది. ఈ ఒక్క విషయంలో తెలుగూ ఇంగ్లిషూ చక్కగా కలుస్తాయి.

రెండో వాక్యం డబ్బు అడగడం లేదు, తేదీ అడుగుతోంది. డబ్బు లేనివాడు కూడా తేదీ చెప్పగలడు. జవాబు రావడం మొదలైతే డబ్బు రావడం మొదలైనట్టే అని నా అనుభవం. పైగా ఒకసారి తన నోటితో తేదీ చెప్పాక మనిషి దాన్ని దాటడానికి సిగ్గుపడతాడు.

చివరి వాక్యం చూసి మీ ఓనర్ అభ్యంతరం చెప్తారు. “లేని కంప్లయింట్‌ను మనమే గుర్తు చేయడం దేనికి?” అని. చాలా ఆఫీసుల్లో విన్నాను ఈ మాట. అయితే గడువు దాటాక మౌనంగా ఉన్న బయ్యర్ చాలాసార్లు కడుపులో ఏదో పెట్టుకుని ఉంటాడు. తేమ ఎక్కువ వచ్చిందనో, టిక్కీల్లో (బస్తాల్లో) రంగు పోయిన తాలు కాయలు కలిశాయనో. చెప్పకుండా డబ్బు ఆపడం అతని బేరం. ఆ సంగతి ఇప్పుడే బయటపడితే మాట్లాడుకోవచ్చు. రెండు నెలలయ్యాక బయటపడితే సరుకు అమ్ముడుపోయి ఉంటుంది, ఏ శాంపిలూ మిగలదు, వాదన మాత్రం మిగులుతుంది.

‘గట్టిగా రాయి’ అన్నదానికి వద్దాం. గట్టిదనం విశేషణాల్లో ఉండదు. ‘వెరీ వెరీ అర్జెంట్’, ‘ఎక్స్‌ట్రీమ్లీ డిసపాయింటెడ్’, అన్నీ పెద్ద అక్షరాల్లో కొట్టడం, ఎర్ర రంగు పూయడం, ఇవన్నీ గట్టిగా అరవడమే. అరిచేవాడి చేతిలో ఏమీ లేదని వ్యాపారస్తుడికి వెంటనే తెలిసిపోతుంది. 16న జవాబు రాకపోతే మీరు రాయాల్సిన మెయిల్ పైన నేను రాసినదానికన్నా పొట్టిగా, చల్లగా ఉండాలి. 23 ఆగస్టు లోపల తేదీ తెలియకపోతే సెప్టెంబరులో పంపాల్సిన కంటైనర్ ఆపుతామని ఒక వాక్యం. మీకు ఈసీజీసీ పాలసీ ఉంటే, నిబంధన ప్రకారం ఈ బకాయిని వాళ్లకు తెలియజేయాల్సి వస్తుందని ఇంకో వాక్యం. ఈసీజీసీ 1957 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ, ఎగుమతి అప్పులకు బీమా ఇస్తుంది. దాని పుస్తకాల్లో ఒక బయ్యర్ పేరు చెడితే మిగతా భారతీయ ఎగుమతిదారుల దగ్గర కూడా అప్పు పుట్టడం కష్టం. ఇది తెలిసిన బయ్యర్‌కు బెదిరింపు అక్కర్లేదు, సమాచారం చాలు. ‘లీగల్ యాక్షన్’ మాత్రం తొందరపడి రాయకండి. ఇరవై వేల డాలర్ల కోసం మీరు మలేషియా కోర్టుకు వెళ్లరని మీకూ తెలుసు, అతనికీ తెలుసు. చేయనిది రాస్తే చేసేదాన్ని కూడా నమ్మరు.

మీ ఓనర్‌ను సీసీలో పెట్టేది ఈ రెండో మెయిల్‌లోనే. మొదటి మెయిల్ నుంచే పెడితే చిన్నదానికీ పెద్దదానికీ ఇంటి పెద్దను లాక్కొచ్చినట్టుంటుంది, తర్వాత పిలవడానికి ఎవరూ మిగలరు. ఒక హెచ్చరిక: అవతలివాళ్ల ఓనర్‌ను సీసీలో పెట్టడం మాత్రం ఆ అకౌంట్స్ అమ్మాయి మీద ఫిర్యాదు చేసినట్టే. అది చేశాక ఆమె మీకు జన్మలో సాయం చేయదు.

ఇప్పుడు మీ రెండో సందేహం. నా లెక్కలో ముందు ఫోన్. మలేషియా మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. మీరు పదిన్నరకు ఆఫీసు తాళం తీసి, టీ తాగి, పదకొండుకు ఫోన్ చేస్తే అక్కడ ఒంటిగంటన్నర, భోజనాల వేళ. శుక్రవారమైతే నమాజు కూడా. పొద్దున్నే ఎనిమిదింటికి ఇంటి నుంచే చేయండి, వాళ్లకు పదిన్నర అవుతుంది. ఫోన్‌లో బాకీ మాట మొదటి వాక్యంలో వద్దు, సరుకు ఎలా వచ్చిందని అడగండి. మాట్లాడిన గంటలోపు మెయిల్ పెట్టండి. థ్యాంక్స్ చెప్పి, ‘యాజ్ ఐ అండర్‌స్టుడ్ ఇట్’ అని మొదలుపెట్టి, విన్నది మూడు లైన్లలో రాయండి. తప్పుంటే దిద్దమని అడగండి. ఫోన్‌లో మాట మెత్తగా నడుస్తుంది, మెయిల్‌లో అది నిలుస్తుంది. ఒకటి లేకుండా రెండోది సగం పనే.

వాట్సాప్ ఓడ ఎక్కడుంది, ట్రక్కు బయల్దేరిందా, సరుకు ఫోటో ఏది, ఇలాంటివాటికి బంగారం. ధర, పరిమాణం, గడువు అక్కడ తేల్చకండి. ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. కొన్నేళ్ల కిందట ఒక బయ్యర్ రాత్రి పదింటికి అదే ధరకు ఇంకో నలభై టిక్కీలు కావాలని మెసేజ్ పెట్టాడు. ‘చూశాను, రేపు చెప్తా’ అనుకుంటూ బొటనవేలు బొమ్మ పెట్టి పడుకున్నాను. పొద్దునకు యార్డులో రేటు ఎగిరింది. అతనేమో “నువ్వు ఒప్పుకున్నావు కదా” అన్నాడు. పార్టీ పాతది, తేడా మేమే భరించాం. ఓనర్ నన్నేమీ అనలేదు, నెల రోజులు నా ఫోన్ వైపు మాత్రం చూసేవారు.

ఇది నా ఒక్కదాని కథ అనుకోకండి. 2023లో కెనడాలోని సస్కాచెవాన్ కోర్టులో సరిగ్గా ఇలాంటి కేసే తేలింది. ధాన్యం కొనే కంపెనీ ఒక రైతుకు అవిసె గింజల కాంట్రాక్టు ఫోటో తీసి పంపి, కన్ఫర్మ్ చేయమంది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు. తర్వాత సరుకు ఇవ్వలేదు. అందిందని చెప్పడానికే పెట్టానన్నాడు. కోర్టు అది సంతకంతో సమానమంది, 82 వేల కెనడా డాలర్లకు పైగా కట్టమంది. మన దగ్గర కూడా మెయిల్‌ను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కంపెనీల బాక్సైట్ వివాదంలో 2010లో సుప్రీంకోర్టు, ముఖ్యమైన షరతులన్నీ మెయిల్స్‌లో కుదిరాక పెద్ద కాంట్రాక్టు మీద సంతకాలు పడకపోయినా ఒప్పందం ఒప్పందమే అంది. అంచేత ‘ఓకే’ అని కొట్టే ముందు ఒకసారి ఆలోచించండి. చూశానని చెప్పాలంటే “సీన్, విల్ కన్ఫర్మ్ బై ఈమెయిల్ టుమారో” అని కొట్టండి. అయిదు సెకన్ల పని.

మర్యాద, స్వరం ఏవీ పనిచేయని ఉత్తరం ఒకటుంది, ఎల్సీ (బయ్యర్ తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) డాక్యుమెంట్లు. 2007 జులై నుంచి అమల్లో ఉన్న యూసీపీ 600 అనే అంతర్జాతీయ ఎల్సీ నియమాల ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలనే, సరుకును కాదు. అయిదు బ్యాంకు పనిదినాల్లో చూసి సరిపోయాయో లేదో చెప్పాలి. అక్కడ మీ ఇంగ్లిష్ బాగు చేయాలని చూడకండి. ఎల్సీలో సరుకు పేరు ఎలా ఉంటే ఇన్‌వాయిస్‌లో అలాగే దించండి. స్పెల్లింగ్ తప్పుంటే ముందే అమెండ్‌మెంట్ అడగండి, మీరే దిద్ది పంపొద్దు.

పేర్లు. మీ మెయిల్‌లో ‘రెస్పెక్టెడ్ సర్’ బదులు పేరు రాయకపోవడానికి కారణం ఏ పేరు రాయాలో తెలియకపోవడమే అయితే, అందులో సిగ్గుపడేదేమీ లేదు. చైనా మూలాలున్న మలేషియన్ల పేర్లలో మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది. టాన్, లిమ్, వాంగ్ అని ముందు కనిపిస్తే అదే ఇంటిపేరు, మిస్టర్ దానికే తగిలించాలి. మలయ్ ముస్లింలకు సాధారణంగా ఇంటిపేరు ఉండదు. ‘బిన్’ తర్వాత ఉండేది తండ్రి పేరు, మిస్టర్ వేయాల్సింది ‘బిన్’ ముందున్న సొంత పేరుకు. మనల్ని ఎవరైనా ‘డియర్ వెంకట’ అని పిలిస్తే ఎలా నవ్వుకుంటామో గుర్తుంచుకుంటే చాలు. ఆడో మగో తెలియకపోతే పూర్తి పేరు రాసేయండి. ‘డియర్ సర్’ అని ఒక మేడంకు రాసి నాలిక కరుచుకోవడం నాకు రెండుసార్లు జరిగింది.

అంకెలు, తేదీలు దీనికన్నా ప్రమాదం. 05/08 అని రాస్తే మనకు ఆగస్టు అయిదు, అమెరికావాడికి మే ఎనిమిది. నెల పేరు అక్షరాల్లో రాయండి. లక్షల కామాలు వద్దు, 18,50,000 చూసి విదేశీ అకౌంటెంట్ టైపింగ్ తప్పనుకుంటాడు. క్వింటాళ్లను టన్నులు చేయండి.

దేశాన్ని బట్టి స్వరం మారుతుంది కానీ మీరు అనుకున్నంత కాదు. అమెరికన్లకు మొదటి లైన్లోనే విషయం కావాలి, పలకరింపు ఒక ముక్క చాలు. జర్మన్లకు స్పెసిఫికేషన్ కాగితం లేకుండా ఎంత తియ్యగా రాసినా వ్యర్థం. గల్ఫ్ పార్టీలతో క్షేమసమాచారం లేకుండా పనిలోకి దిగితే ముఖం మాడ్చుకున్నట్టుంటుంది. ఇంగ్లండ్‌వాడు ‘విత్ రెస్పెక్ట్’ అన్నాడంటే తర్వాత వచ్చేది మీతో విభేదమే. మలేషియా, వియత్నాం పార్టీలు కుదరదని సూటిగా చెప్పడం నేను తక్కువ చూశాను. ‘లెట్ మీ చెక్’ అని రెండుసార్లు వచ్చిందంటే కుదరదని అర్థం చేసుకుంటాను.

చెడు కబురు మన వైపు నుంచి చెప్పాల్సి వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. 2023 చివర్లో ఎర్ర సముద్రం గొడవతో యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లడం మొదలైనప్పుడు, మాకు వెసెల్ తేదీలు రోజుకోలా మారేవి. కారణం అర పేజీ రాసిన మెయిల్స్‌కు తిట్లు వచ్చాయి. కొత్త తేదీ మొదటి లైన్లో, కారణం రెండో లైన్లో, మేం చేస్తున్నది మూడో లైన్లో పెట్టినవాటికి ‘నోటెడ్, థ్యాంక్స్’ అని వచ్చింది. ‘అనివార్య కారణాల వల్ల’ అని మనం అలవాటుగా రాసే మాట ఇంగ్లిష్‌లోకి దించకండి. దాచిపెడుతున్నట్టు ఉంటుంది.

ఇక చివరగా, నిజానికి మీరు రేపు పొద్దున ముందు చేయాల్సిన పని. మీ బయ్యర్ డబ్బు పంపేసి ఉండొచ్చు, మీకు కాదు. ఎగుమతిదారుల మెయిల్‌లోకి చొరబడి, “మా బ్యాంకు అకౌంటు మారింది, ఇకపై ఇక్కడికి పంపండి” అని మన పేరుతో, మన భాషలో, మన ‘కైండ్లీ’తో సహా రాసే దొంగలున్నారు. మెయిల్ ఐడీలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది, ఎవరూ గమనించరు. అప్పుడు బయ్యర్ కట్టేశాను కదా అనుకుంటాడు, మీ రిమైండర్లే దొంగ మెయిల్స్‌లా కనిపిస్తాయి. అందుకే ఎనిమిదింటి ఫోన్‌లో, బ్యాంకు మార్చమని మా దగ్గర్నుంచి మీకేమైనా మెయిల్ వచ్చిందా అని అడగండి. పాత ఇన్‌వాయిస్ మీదున్న ఆఫీసు నంబరుకే చేయండి, ఈమధ్య మెయిల్‌లో వచ్చిన నంబరుకు వద్దు. వచ్చిందని చెప్తే పై మెయిల్స్ అన్నీ పక్కన పెట్టి, అదే ఫోన్‌లో వాళ్ల బ్యాంకును వెంటనే సంప్రదించమనండి. ఫోన్ పెట్టేశాక మీ బ్యాంకుకు చెప్పండి, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వండి, మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి.